తడి చేతులు

చేతుల నిండా కాడ్ చేప జిగురు.
కిటికీకి ఆనించిన ఫోన్‌తో రన్వా,
బళ్ళో నేర్చిన డేనిష్‌లో, పొందిగ్గా:
"పన్నెండు నిమిషాలు పెట్టు."
పెడుతుంది.
చేపముక్కలు ఉప్పునీళ్ళలో ఊరతాయి.
"రేపు గాలెంత?"
చెబుతుంది, ఉన్నదున్నట్టు.

పనికొస్తుందా అంటే, వస్తుంది.
తడి చేతులవాళ్ళకి అదో మూడో చెయ్యి.
కళ్ళజోడు ఎక్కడుందో మాత్రం
పక్క బల్ల దగ్గర్నించి నేనే చెప్పాలి:
నీ నెత్తిమీదే.

మా ఫారో దీవుల మాట దానికి రాదు.
పొగమంచుకి మా దగ్గర బోలెడు పేర్లు,
కొండ నడుముకి చుట్టుకునేది ఒకటి,
సముద్రం మీంచి పాకి వచ్చేది ఇంకొకటి.
దానికి అంతా ఒకటే మంచు.

షిఫ్ట్ అయ్యాక, గొట్టంతో నేల కడిగేసి,
బూట్లు విప్పకుండానే కూచుని
రన్వా దానితో మా మాటల్లోనే మొదలెడుతుంది.
తమ్ముడు యెగ్వాన్ పడవ.
ఆ రాత్రి వాడి ఫోన్ ఎత్తకపోవడం.
నేను చేతి తొడుగులు
అవసరం లేకపోయినా మళ్ళీ కడుగుతాను.

చెవిటివాడి ముందు శంఖం అని నవ్వుతారు గానీ
కొన్ని శంఖాలు అక్కడే ఊదాలి.

"క్షమించండి, అర్థం కాలేదు," అంటుంది ఫోన్.
"అమ్మయ్య," అంటుంది రన్వా,
మళ్ళీ మొదట్నించీ చెబుతుంది.