నలభై ఎనిమిదిన్నర గ్రాములు

పారమ్మ తెచ్చిన మట్టి
మరీ మెత్తగా ఉంది.
గుడ్డసంచి మూతి విప్పగానే అనుమానం వచ్చింది.
రాయి లేదు, వేరు లేదు,
ఎండిన కనకాంబరం రేకు ఒక్కటి తప్ప.

ఆనందపురం దాటాక ముప్పాతిక ఎకరం ఆమెది.
తెల్లారేసరికి మార్కెట్లో పూలబుట్ట దించి
అటునుంచి అటే నా బల్ల దగ్గరికి.
"ఆకు పండుబారిపోతంది తల్లీ,
మందు మీద మందేసినా."

విశాఖ గాలికి సిలికా జెల్
మూడోరోజుకే గులాబీరంగుకి తిరుగుతుంది.
ఖనిజం రైలు పోర్టుకి పోతుంటే
త్రాసులో చివరి అంకె వణుకుతుంది.
రైలు దాటేదాకా ఊపిరి బిగబట్టి
ఒక గ్రాము తూచాను.

నారింజరంగు డైక్రోమేట్, దానిపైన గాఢ గంధకామ్లం.
చెయ్యి పెట్టలేనంత వేడి.
ఏళ్లతరబడి కుళ్ళిన ఆకూ పేడా
అరగంటలో కాలిపోతాయి.
పక్కనే ఇంకో ఫ్లాస్కు. అందులో మట్టి లేదు.
అదే ఆమ్లం, అదే అరగంట.
ఖాళీదాన్నెందుకు మేడమ్ అని
కొత్తగా చేరిన కుర్రాడు అడుగుతాడు.
ఏమీ లేకపోతే ఎంతో తెలియాలి కదరా
ఉన్నదెంతో చెప్పాలంటే.

బ్యూరెట్ కింద ఊదారంగు
చాలాసేపు మొండికేసి
ఒక్క చుక్కకి ఆకుపచ్చ.
కర్బనం ఎక్కువ. నమ్మక మళ్ళీ చేశాను. ఎక్కువే.
భాస్వరం నీలం ఎంత చిక్కగా వచ్చిందంటే
పలచన చేస్తేగాని యంత్రం చదవలేదు.
ఇంత బలిసిన నేలలో మొక్కకేం రోగం?

ఫోన్ చేశాను. ఎక్కడ తవ్వావమ్మా?

"పెంటదిబ్బ పక్కన.
ఆఫీసుకి గదా, మంచి మన్నే అట్టుకొచ్చాను.
రాళ్ళేరీసాను. రెండుసార్లు జల్లించీసాను."

నవ్వబోయి ఆగిపోయాను.
మా అమ్మా అంతే, ఆసుపత్రికి
ఉతికిన చీర కట్టుకుని వెళ్ళి
బాగానే ఉన్నానని డాక్టరుకి చెప్పొచ్చేది.

పాములా వంకర తిరుగుతూ నడువు అన్నాను.
పదిచోట్ల, జానెడుకి కాస్త తక్కువ లోతు.
నలుగురికీ చూపించడానికి నామోషీ అనిపించే మూల
అదీ వదలకు.
అంతా కలిపి నాలుగు భాగాలు చెయ్యి,
ఎదురెదురువి రెండూ పారెయ్యి. మళ్ళీ నాలుగు.
అరకిలో మిగిలేదాకా.

రెండో సంచి గురువారం వచ్చింది.
గులకరాళ్ళు, తుంగగడ్డ, తుప్పు ఎరుపు.
ఈసారి కర్బనం
ఆ ఖాళీ ఫ్లాస్కుకి దగ్గర చుట్టం.
నత్రజని చెప్పుకునేంత లేదు.
పొటాష్ మాత్రం మంటలో నిలబడింది, ఎందుకో.
నీలం, ఉందంటే ఉంది.

రెండు గొట్టాలూ కిటికీ వెలుతుర్లో పెట్టుకుని
పారమ్మ చాలాసేపు చూసింది.
"దిబ్బకాడిది దిబ్బకాడే ఉండిపోనాది" అంది.
"నానే మొయ్యలేదు."

కార్డు మడిచి బొడ్లో దోపుకుని
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.
"మిగిలిన మన్ను ఇచ్చీ తల్లీ."
నమూనా తిరిగివ్వకూడదని గోడమీద రాసుంది.
ఆమె చదువుకోలేదు, నేను చదవలేదు.

సంచి చేత్తో ఎత్తి చూసి, తగ్గిందంది.
లెక్కచెప్పాను: పిహెచ్‌కి ఇరవై, నత్రజనికి ఇరవై,
పొటాష్‌కి అయిదు, భాస్వరానికి రెండున్నర,
కర్బనానికి ఒకటి.

"పోన్లే, అవి నీకే" అని
సంచి తాడు పంటితో బిగించి కట్టింది.