కింది సొరుగు

షార్జాలో, రోలా వెనక వీధి, నాలుగో అంతస్తు.
మోకాలికి కట్టు. కాలు కుర్చీ మీద,
కుర్చీ ఎత్తు చాలక దాని కింద రెండు పాత డైరెక్టరీలు.
డాక్టరు ఆరు వారాలన్నాడు,
సేఠ్ ఆరు రోజులన్నాడు,
మధ్యలో సజీష్ వచ్చి
"ఇంట్లోంచే ఆఫీసు కంప్యూటర్ తెరుచుకోవచ్చు చేచీ,
ఒక్క గంట పని" అన్నాడు.

ఆ గంట మూడు రాత్రులు పట్టింది.

మొదటి రాత్రి నా లాప్‌టాప్ ఒప్పుకోలేదు.
రెండో రాత్రి ఇది ఒప్పుకుంది, ఆఫీసు గోడ ఒప్పుకోలేదు.
ఇటుకల గోడ కాదు, సజీష్ భాషలో ఫైర్‌వాల్.
దానికి నేనొక్కదాన్నే దూరేంత కన్నం పెట్టి
ఇంకెవరూ దూరకుండా పాస్‌వర్డ్ పెట్టమన్నాడు,
పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి.
మా అమ్మమ్మ పుట్టింటి పేరు పెట్టాను.
ఆవిడ బతికినన్నాళ్ళూ
ఆ పేరు చెబితే ఏ తలుపూ తెరుచుకోలేదు.

మూడో రాత్రి తొమ్మిది అంకెలు వచ్చాయి.
అవి కొడితే చాలు, దేరా.
ఇత్తిహాద్ రోడ్డు లేదు,
ముందు కారు అద్దం మీద ఎవరి పిల్లల పేర్లో
పదేపదే చదువుకునే రెండు గంటలు లేవు.
కొట్టాను.
అవతలి యంత్రం నిద్రలో ఉందని వచ్చింది.
"లేపడానికి అక్కడ ఒక చెయ్యి కావాలి చేచీ"
అన్నాడు సజీష్, ఆవలిస్తూ.

అల్ రాస్‌లో యాలకుల గోదాము మీద మా ఆఫీసు.
ఆ గోదాములోనే పడుకుంటాడు పోశెట్టి.
మెట్‌పల్లి నుంచి వచ్చి పదకొండేళ్ళు,
టీ కాస్తాడు, బస్తాలు లెక్కపెడతాడు.

"ఏడున్నది మేడమ్ బటన్?"
"డబ్బా ముందర, గుండ్రంగా."
"ఒత్తిన. నీలం లైట్ అచ్చింది."

నా బల్ల మా ఇంటికి వచ్చేసింది.
అవే ఫైళ్ళు, అదే వంకర వరస,
మొన్న సగంలో వదిలేసిన గ్వాటెమాలా సరుకు బిల్లు.
వాసన ఒక్కటే రాలేదు.
మౌస్ కదిపితే అరక్షణం ఆగి
క్రీక్ అవతల బాణం కదులుతోంది.
ఫోన్లో పోశెట్టి గొంతు సన్నబడింది,
"మేడమ్, బాణం దానంతటదే తిరుగుతాంది.
కుర్చీల ఎవలు లేరు."
నవ్వాను. అతను నవ్వలేదు.

ఆ తర్వాత రోజూ ఏడింటికి అతను నొక్కేవాడు,
ఏడూ అయిదుకి నేను వెళ్ళేదాన్ని.
డబ్బా మీద "బందు చెయ్యద్దు" అని అట్టముక్క అంటించాడట,
తెలుగు చదివేవాళ్ళు అక్కడ ఇంకెవరూ లేకపోయినా.

పదో రోజు, కస్టమ్స్ కాగితం నింపుతుంటే
బాణం నా చేతిలోంచి జారి పక్కకి వెళ్ళింది.
ఖాళీ పేజీ ఒకటి తెరుచుకుంది.
నేను కొట్టని అక్షరాలు, ఒక్కొక్కటే,
ఇంగ్లీషు లిపిలో మెట్‌పల్లి మాట:
మేడమ్ మీరు గిండ్ల అన్ని తెరుస్తున్నరు గద
కింది సొరుగుల నా పాస్‌పోర్ట్ ఉన్నదా సూడుండ్రి

చేతులు వెనక్కి తీసుకున్నాను.

అతని కాపీ ఉంది, తెరిచాను.
మీసం సరిగా రాని ముఖం,
గడువు వచ్చే నెల పద్నాలుగు.
ఆ బొమ్మని ఎంత పెద్దది చేసినా బొమ్మే.
సొరుగు ఆ కంప్యూటర్‌కి జానెడు కింద ఉంది,
తొమ్మిది అంకెలు లేవు దానికి,
ఇత్తడి తాళం, సేఠ్ జేబులో చెవి.

ఏం రాయాలో తోచక
ఉత్తరం రాశాను, అతని పేరుతో, అతని కోసం.
కాన్సులేట్‌కి వెళ్ళాలి, గడువు దగ్గరపడింది,
నా పాస్‌పోర్ట్ నాకు ఇప్పించగలరు.
"దయచేసి" అని పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను.
ప్రింట్ నొక్కాను.

ఫోన్ మోగింది.
"మేడమ్, మిషిన్ కాగితం ఇడుస్తాంది!"
"నీదే. కింద సంతకం పెట్టి సేఠ్ బల్ల మీద పెట్టు."
చాలాసేపు ఏమీ వినపడలేదు,
తర్వాత పెన్ను వెతుకుతున్న చప్పుడు.

తెర మీద ఆ ఖాళీ పేజీ ఇంకా తెరిచే ఉంది.
అతనూ మూయలేదు, నేనూ మూయలేదు.
సేఠ్ పదింటికి వస్తాడు.