పదిహేడో నంబరు ఫైలు

ఆ ఫైలు అట్టమీద ఎవరో పెన్సిల్‌తో
"దీన్ని కదపొద్దు" అని రాశారు.
నేను ఈ సెక్షన్‌కి వచ్చేటప్పటికే
ఫ్యాను దుమ్మూ, పక్క గోడౌన్ల మిరప ఘాటూ
దానిమీద పొరలుగా పేరుకుని ఉన్నాయి.
తెరిస్తే తుమ్మొచ్చింది.

నూతక్కి సువార్తమ్మ ధర్మనిధి.
అసలు: రెండు లక్షల నలభై వేలు.
వడ్డీ: ఏటా పదిహేను వేల ఆరొందలు.
అర్హత: ద్రాక్షతీగ పెంచే చదువూ, ద్రాక్షారసం తీసే చదువూ
చదివే పిల్ల అయినా, పిల్లాడైనా.
దరఖాస్తులు: నిల్. నిల్. నిల్.
పదకొండేళ్ళ నిల్‌లలో
చివరి నాలుగూ నా చేతిరాతే.

గుంటూరులో ద్రాక్షేంటండీ, అని ఆడిటరు నవ్వాడు.
మే నెలలో తారుకి చెప్పులు అంటుకునే ఊళ్ళో,
నల్లరేగడి నోళ్ళు తెరుచుకుని పడుండే చోట.
"జనరల్ ఫండ్‌లో కలిపెయ్యండి, గొడవొదిలిపోద్ది."
కలిపేసేవాణ్ణే,
వీలునామా నకలు చదవకపోతే.

ఆమె మిషనాసుపత్రిలో ఆయా.
నెలకో ఆదివారం ప్రభువు బల్లకి
ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆమే రసం చేసింది.
శనివారం రాత్రి ఎండుద్రాక్ష నానబోసి,
కోడి కూసే వేళకి గుడ్డలో పిండి,
రంగు చాలకపోతే రెండు నేరేడుపళ్ళు నలిపి.
"పచ్చిద్రాక్ష కొనుటకు సంఘమునకు స్తోమతు లేకపోయెను.
ఇందునుగూర్చి పైన నన్ను అడుగుదురేమోనని
భయమును, కొంచెము సిగ్గును."
కింద వేలిముద్ర.
రాసిపెట్టింది ఎవరైతేనేం,
ఆ కొంచెం సిగ్గు మాత్రం ఆమెదే.

పోయిన జూన్‌లో ఒక దరఖాస్తు వచ్చింది.
గోపు తిరుపతమ్మ. తండ్రి లేడు.
తల్లి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది,
సెలవుల్లో ఈ పిల్లా తీస్తుంది.
సంతకం పక్కన ఎర్రటి వేలి మరక.

కమిటీలో ఒకాయన కుర్చీలో వెనక్కి వాలి
"చదువయ్యాక వైన్‌షాపు పెడతావా అమ్మా?" అన్నాడు.
నలుగురూ నవ్వారు.
"వైన్‌షాపులో వైన్ ఉండదు సార్," అంది.
ఈ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు,
అందుకే ఇక్కడ రాసుకుంటున్నా.

ఇంకోటీ చెప్పింది.
మన ఎండకి తీగని ఏడాదిలో రెండుసార్లు కొయ్యాలట,
ఏప్రిల్లో ఒకసారి, అక్టోబర్లో ఒకసారి.
మొదటి కోతకి కాయ రాదట.
"మరది దండగ కాదా?" అని అడిగింది నేనే.
గుమాస్తా అక్కడ నోరు తెరవకూడదు. తెరిచాను.
ఆ పిల్ల నావైపు చూసింది గానీ ఏమీ అనలేదు.
నేను నా నిల్‌లు లెక్కపెట్టుకున్నాను.

ఖర్చుల రసీదులు:
కొమ్మల కత్తెర ఒకటి, తొమ్మిది వందల యాభై.
పండులో తీపి కొలిచే గొట్టం, రెండు వేల మూడొందలు.
పూణేకి స్లీపర్ టిక్కెట్టు, వెయిటింగ్ లిస్టు ముప్ఫై రెండు.
"మధ్యాహ్నం అన్నం" అని ఒకటి, రసీదు లేదు.
పాస్ చేశాను.

మొన్న మార్చి ఆఖర్లో, ఆఫీసు మూసే వేళ,
గాజుసీసా తెచ్చి నా బల్లమీద పెట్టింది.
మూతికి గుడ్డ కట్టి ఉంది. లోపల
బుడగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి.
"ఇంకా కాలేదు సార్. చూస్తారని."
ముక్కు దగ్గరికి తీసుకున్నాను,
ఇరవై ఆరేళ్ళుగా ఘాటు తప్ప ఏదీ ఎరగని ముక్కు.

వినియోగ పత్రంలో ఆఖరి గడి: ఫలితం.
"పులుస్తోంది" అని రాశాను.

ఇవాళ ఫైలు వెనక్కొచ్చింది
ఆ మాట కింద ఎర్రసిరా గీతతో, పక్కన ప్రశ్నార్థకంతో.
జవాబు ఇంకా రాయలేదు.
సీసా బీరువా మీద ఉంది.
రాత్రిళ్ళు ఆ గుడ్డ కాస్త ఉబ్బుతోందని
వాచ్‌మన్ చెబుతున్నాడు.