బుగులుకు మందు

ఎనుమాముల మిర్చి యార్డుల
అందరూ దగ్గుతరు.
అడ్తి షావుకారు, హమాలీ, రైతు, చాయ్ తెచ్చే పోరడు.
గందుకే ఆ జాగ నాకు నచ్చింది.
తక్‌పట్టీ రాసుకుంట రేటు చదివేటప్పుడు
నా గొంతు ఇరిగినా
ఘాటు తాకిందనుకుంటరు.

తొమ్మిదో తరగతిల నా నంబరు ముప్పై నాలుగు.
సారు ఇరువై ఎనిమిది పిలిచేటాళ్లకే
అరచేతులు తడిసేటియి.
ప్రజెంట్ సార్. రెండే మాటలు.
లోపల పదిసార్లు చదువుకుంటుంటె
నా నంబరు దాటిపోయేది.
బెంచి మీద కూసోని ఉండంగనే
ఆ ఏడు నేను ముప్పై ఒక్క రోజులు గైర్హాజరు.

అమ్మ దీన్ని బుగులన్నది.
తాయెత్తు కట్టిపిచ్చింది.
పెండ్లయితే పోతదన్నరు సుట్టాలు.

నా పెండ్లిల పోలే, బామ్మర్ది పెండ్లిల పోయింది.
పరకాల. బరాత్. డీజే బండి ఎనుక
మా షడ్డకుడు సదానందం
థమ్సప్ సీసల కలిపి ఇచ్చిండు.
చేదు దిగింది. దాని ఎనకనే
లోపల యాడనో ఒక గొళ్లెం ఊడింది.
ఎగిరిన. పెద్దమనుషుల నడుమ జొచ్చి ఎగిరిన.
ఎవ్వలో అన్నరు: "ఓదెలుకు నోరున్నదిరా!"
ఆ ఒక్క మాట కోసం
పదకొండేండ్లు తాగిన.

దావత్‌కు ముందు ఒకటి.
షావుకారుకు ఫోన్ చేసే ముందు ఒకటి.
కటింగ్ షాపు అద్దం ముందట
అరగంట ఒకలి చేతికింద కూసోవాలంటే ఒకటి.
ఆఖరికి
వైన్స్ జాలీల చెయ్యి పెట్టి క్వార్టర్ అడగాలన్నా
అంతకుముందే ఒక క్వార్టర్ కావాల్నాయె.
నవ్వుండ్రి. నేను గూడ నవ్విన.

తెల్లారితే లెక్క వేరే.
రాత్రి మాట్లాడినయన్ని ముందలేసుకోని
తాలుకాయ ఏరినట్టు ఏరుడు.
ఇది అనకుంటే మంచిగుండు,
ఇది ఎవ్వలికి తాకిందో,
ఇదసలు నేనే అన్ననా?
పొద్దూకెటాళ్లకు కుప్ప మొత్తం తాలే.
మల్ల బుగులు,
నిన్నటికంటె జానెడు లోతు.

భాగ్య అడిగేది, కండ్లేంది గట్ల ఎర్రగ అని.
మిర్చి, అంటుంటి.
మిర్చి అయిపోయింది. ఆనలు పడ్డయి, పోయినయి.
యార్డు నిండ పత్తి తెల్లగ దిగింది.
నా కండ్లకే సీజన్ మారలే.

ఆ కార్తీకంలనే బడి మీటింగు.
సోంపు నములుకుంట పోయిన.
టీచరమ్మ నా మొకం దిక్కు చూసి ఆగింది.
ఏడేండ్ల మా వర్షిత
నా చెయ్యి ఇడువకుంటనే చెప్పింది:
"మా నాయినకు మిర్చి పడదు టీచర్."

అది నా అబద్ధం.
దాని పాలపండ్ల సందుల నుంచి బయటికొచ్చింది.
అంత చిన్న గొంతు.
వణుకలే.

సోమవారం ఎంజీఎం దవాఖాన, చిట్టీల కిటికీ.
ఏం తాగకుంటనే పోయిన.
"ఏమైంది?" అన్నడు లోపలాయన.
నేను నమిలిన.
"మందు మానాల్నా?" ఆయనే అందుకున్నడు.
తల ఊపిన. రాసిండు.
మందు ఎనుకొచ్చింది సారూ,
బుగులు ముందుగాల్నే ఉండె,
ఆ ముక్క గూడ రాయుండ్రి
అందామనుకున్న.
ఎనుక లైనుల నలుగురున్నరు.
చిట్టీ పట్టుకోని పక్కకు జరిగిన.

బల్ల కొసకు కూసున్న.
పేర్లు పిలుస్తుండ్రు.
నాకింక ఆరుగురున్నరనంగనే
అరచేతులు.

"ఓదెలు!"
నోట్ల తడి లేదు.
"ఓదెలు ఎవరయ్యా?"

పక్కన ఒక ముసలామె.
నా చిట్టీ చూసింది కాదు, ఆమెకు చదువు రాదు.
పేరు ఇనంగనే అదిరిన నా మోకాలు చూసింది.
మోచేత్తోని మెల్లగ పొడిచింది.
"నువ్వే గదా బిడ్డా. లే."