దొంగ ఉసిలి

నాలుగున్నరకు కరెంటు పోయింది.
నగరిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.
ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి
ఉయ్యాలల్లో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

ఏకాంబరం మామ మాత్రం
ఆ సంగతి అరికాళ్లతో తెలుసుకున్నాడు,
నేల అదరడం ఆగింది కాబట్టి.
ముప్పై రెండేళ్ల పవర్‌లూమ్
ఆయన రెండు చెవుల్నీ తన కూలి కింద పట్టుకుంది.
మూలనున్న వెదురుబద్ద అందుకుని
"ఏరు పారతాండాది, రా" అన్నాడు.

మొన్నటి తుపానుకు కుశస్థలి
నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఏరయింది.
అంతవరకూ అది ఇసుక లారీల దోవ,
అద్దకం షెడ్లు ఏ ఆర్డరుంటే ఆ రంగు వొంపే కాలవ.
ఇవాళ అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు.
కొండ ముక్కు నీళ్లలో తలకిందులై
అల వచ్చినప్పుడల్లా
తుమ్మబోయి ఆగిపోతోంది.

తంగేడు పొద పక్కన కూచుని
మామ లుంగీ మడతలోంచి సరంజామా తీశాడు.
నాటుపుంజు మెడ ఈక, గాలం ముల్లు,
ఏదో చీర కొంగుకు మిగిలిన జరీపోగు, జానెడు.
తెగిన పడుగును చీకట్లో అతికే వేళ్లు
ముల్లు చుట్టూ నూలు చుట్టాయి.
చూస్తుండగానే ఈక రెక్కలైంది,
జరీ నడుమైంది.

ఎర్రలు ఎందుకు తేలేదని అడిగాను,
నోటితో కాదు, చేత్తో.
"వానకు పుట్టలు నానినాయి గదరా.
ఉసిళ్లు పడే పొద్దు
మీను ఎర్రకేసి చూస్తాదా?
పెండ్లిలో పాయసం పోస్తావుంటే
సద్దికూడు ఎవురికి గావాల?"

నిజమే.
పొద్దు కొండవెనక్కి జారగానే
పుట్టల్లోంచి పొగలా లేచాయి,
ఒక్క పూటకు రెక్కలు అప్పు తెచ్చుకున్నవి.
నీటి మీద వాలినవి వాలినట్టే
చిన్న చిన్న సుడుల్లో మాయమవుతుంటే
ఏరు అడుగున ఎవరో కూచుని
గుండీలు కుడుతున్నట్టుంది.

మామ బద్దను విసరలేదు,
నాడెను పంపినట్టు పంపాడు.
తంగూసు గాల్లో ఒక వంపు తిరిగి
నిజం ఉసిళ్ల నడుమ
దొంగ ఉసిలిని దించింది.

పదిసార్లు ఏమీ లేదు.
పదకొండోసారి ఒక పరిగె పైకొచ్చి
మూతితో తాకి చూసి
వెనక్కి తిరిగిపోయింది.
మామ నవ్వాడు. "జరీ ఎక్కువైంది.
మీనుకి గూడా తెలుసురా డూప్లికేటు."
పంటితో సగం పోగు కొరికి ఊసేశాడు.

చీకటి పడింది. తంగూసు నాకు కనపడటం మానేసింది.
ఆయన అసలు కళ్లే మూసుకున్నాడు.
మోకాళ్ల దాకా నీళ్లు,
చూపుడు వేలి మీద దారం,
పడుగు మీద చెయ్యి ఆనించి
ఎక్కడ తెగబోతోందో కనుక్కునే మనిషిలా నిలబడ్డాడు.

ఉన్నట్టుండి ఆ వేలు వింది.

మణికట్టు కొంచెమే తిరిగింది.
జానెడు కొర్రమట్ట
నల్లగా, కోపంగా, నీళ్లు చిమ్ముతూ
మా ఇద్దరి మొహాలూ తడిపి
అన్నం క్యారియరు పైగిన్నెలోకి వచ్చిపడింది.
మామ దాన్ని తిట్టాడు, ముద్దుగా, అరవంలో.

అప్పుడే ఏటికవతల
వీధి వెనక వీధి లైట్లు వెలిగాయి.
మొదట ఒక మగ్గం టకటకమంది,
దాని వెనక వందలు.
టైము చూశాను, ఆరూ యాభై.
మగ్గం దగ్గర మనిషి లేని గంటకు కూలి కోత.
నాకు తెలుసు, ఆ లెక్క రాసేది నేనే.

మామ ఊరికి వీపు పెట్టి
ఇంకో ఈకకు ముడి వేస్తున్నాడు.
తడి ఇసుకలో దిగబడ్డ ఆ కాళ్లకు
ఏ అదురూ అందడం లేదు.

భుజం తట్టబోయిన చేతిని జేబులో పెట్టుకున్నాను.
కరెంటు ఏడున్నరకు వచ్చిందని రాస్తాను.
ఎనిమిదంటే
జరీ ఎక్కువైపోతుంది.