మీటలు

ముప్పై ఒక్క ఏళ్ళు
తంబుచెట్టి వీధి మేడ మీది గదిలో
వకీలు చెంగల్రాయ నాయుడు గారి దావాలన్నీ
నా పది వేళ్ళ మీదుగానే కోర్టుకెళ్ళాయి.
ఎవరి గోడో, ఎవరి విడాకులో,
ఎవరి వాటాకీ రాని బావో.
వేళ్ళకి అవేవీ తెలియవు.
గంట మోగితే బండి పక్కకి తొయ్యడమే తెలుసు.

పని మానేసిన నెల
ఈవినింగ్ బజారులో, నడవని గడియారాల పక్కన
దీన్ని చూశాను.
చెక్కపెట్టె మీద టైపు మిషన్ మీటలు!
కాదట, బుల్‌బుల్ తార అట.
"నొక్కి చూడమ్మా" అన్నాడు దస్తగీరు.
నొక్కి, తీగ మీటాను.
మొదటిసారి నా వేలి కింద
అక్షరం పడలేదు.

పన్నెండు వందలన్నాడు. ఇచ్చేశాను.
అక్క బేరమాడని వస్తువు లోకంలో అదొక్కటే అని
మా తాయారు ఇప్పటికీ చెప్పుకుంటుంది.
చూళై బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే
"సామానా, బిడ్డా?" అని కండక్టరు తమిళంలో వేళాకోళం.
దానికీ ఒక టిక్కెట్టు తీసుకున్నాను.
అర కాదు, పూర్తి టిక్కెట్టు.

వాయించడం తర్వాతి మాట.
ముందు అది నాదవడం ఉందే,
రాత్రి మెలకువొచ్చి, దీపం వెయ్యకుండా
చేత్తో తడిమి ఉందిలే అనుకోవడం ఉందే!
ఈ ఊళ్ళో సముద్రం ఏ ఇనుమునీ వదలదు.
రెండు నెలలు మరిచిపోతే తీగల్ని తినేస్తుంది.
అందుకే ఆదివారాలు
కుట్టుమిషన్ నూనె, పాత పట్టుచీర ముక్క,
పదకొండయినా స్నానం చెయ్యని నేను.
ఇల్లంతా ఆఫీసు వాసన,
పని లేని ఆఫీసు.

ఒకటి కొన్నాక చెయ్యి ఆగుతుందా?
బీరువా మీద ఫిడేలు, కమాను వెంట్రుకలు సగం రాలినది.
మంచం కింద మృదంగం.
అది నాకు రాదు, రాబోదు.
ఒట్టి వాసన కోసం కొన్నాను, ఒట్టు.
తోలు, పనసచెక్క, ఎండిన రవ్వ.
చేతిసంచీలో తాళాలగుత్తితో పాటు మోర్సింగు.
పళ్ళ డాక్టరు ఏకాంబరం దాన్ని చూసి
రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"కచేరీ ఎప్పుడే?" అంటుంది తాయారు.
రోజూ అన్నం తింటున్నామే,
దానికి టిక్కెట్లు పెట్టామా?

నాకొచ్చింది మోహనం, అదీ సగం.
ఎక్కడం బాగానే ఎక్కుతాను,
దిగేటప్పుడు ధైవతం దగ్గర కాలు జారుతుంది.
ఆ మీట వానాకాలం పైకి లేవదు.
తప్పు పడితే రుద్దడానికి రబ్బరు లేదు,
పూయడానికి తెల్లరంగు లేదు,
అడుగున మూడు కార్బను కాపీల్లేవు.
గాలిలో రెండు క్షణాలుండి
తప్పు తనంతట తనే పోతుంది.
ఇంత దయ నాకు ఏ కాగితమూ చూపలేదు.

పోయిన కార్తీకంలో తుఫాను రాత్రి,
వీధి మొత్తం కరెంటు లేదు.
చీకట్లో గాంధారం నొక్కి మీటితే
వంటింట్లోంచి ఎవరో "ఊఁ" అన్నారు.
ఒళ్ళు ఝల్లుమంది.
మళ్ళీ మీటాను.
మళ్ళీ "ఊఁ".
కొవ్వొత్తి పట్టుకుని వెతికితే
ఒక స్టీలు గ్లాసు, అంచు సొట్ట.
చుక్కలు చుక్కలుగా సౌందరవల్లి అని పేరు.
ఎవరి పెళ్ళిలో వచ్చిందో, ఆవిడెవరో
ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

సకి పలకదు, పకి పలకదు.
ఒక్క గాంధారానికే,
అదీ నేను శ్రుతి సరిగ్గా పెట్టిన రోజునే.
బద్ధకించిన రోజున
ఎంత మీటినా మూతి ముడుచుకుని కూర్చుంటుంది.
యాభై తొమ్మిదో ఏట నాకు దొరికిన పంతులమ్మ.

తాయారు వచ్చి దాహమని చెయ్యి చాపితే
పక్కనున్న గ్లాసు తీసిస్తాను.
"అదెందుకు ఇవ్వవే?" అంటుంది.
నీళ్ళు పోస్తే దానికి వినపడదు.