రిమార్కుల గడి

తండ్రి: ఏడు. తల్లి: పంతొమ్మిది.
రాస్తూ రాస్తూ ఆగాను.
రిజిస్టరు వెనక్కి తిప్పితే
పంతొమ్మిదికి తండ్రి ఏడు.
ఇంకా వెనక్కి తిప్పితే
పంతొమ్మిదిని కన్న పదకొండుకీ ఏడే తండ్రి.
నా చేతే ఎక్కడో తప్పిందనుకున్నాను.

మర్రిపాలెంలో మూడో అంతస్తు మీద రేకుల గది.
సొరుగుల్లా లాగితే వచ్చే ప్లాస్టిక్ డబ్బాలు నలభై రెండు,
ఒక్కోదాంట్లో నీళ్ల గిన్నె, పాత పేపరు, ఒక కొండచిలువ.
తేనె రంగుది, మగ్గిన అరటిపండు రంగుది,
ఒంటినిండా సాలెగూడు గీతలది. దానికే ధర ఎక్కువ.
వెనక పట్టాల మీద గూడ్సు వెళ్తే
నలభై రెండు గిన్నెల్లోనూ నీళ్లు వణుకుతాయి.

"లోకనాథం గారూ, ఇక్కడ తప్పు పడింది" అన్నాను.
"తప్పేటి కాదమ్మా. పాములకి వావి వరసలేటి?
రంగు నిలబడాలంటే రక్తం బయటికి పోకూడదు."

ఈ మాట నాకు కొత్త కాదు.
ఎకరంన్నర జీడితోట బయటికి పోకూడదని
అమ్మమ్మ తన తమ్ముడికే అమ్మనిచ్చి చేసింది.
కేజీహెచ్‌లో డాక్టరమ్మ
మా సూరి చెవిలోకి లైటు వెయ్యకముందే అడిగింది:
"మేనరికమా?"
అమ్మ తల దించుకుంది,
తనే ఏదో దొంగిలించినట్టు.

ఈసారి పంతొమ్మిది పెట్టినవి తొమ్మిది గుడ్లు.
మూడు పగల్లేదు. ఒకటి ఒంటికన్నుతో వచ్చింది,
దాన్ని రిజిస్టరులో ఎక్కించొద్దన్నాడు.
సాలెగూడు పిల్లకి తల నిలవదు.
ఎలుక మీదికి దూకితే బెత్తెడు పక్కన పడుతుంది,
వెల్లకిలా తిరిగి, పైనెటో కిందెటో మర్చిపోయి
మెడ మెలితిప్పుకుంటూ వెతుక్కుంటుంది.
"ఆ రంగుతో పాటు అదీ వస్తాది" అంటాడు,
బియ్యంతో పాటు రాళ్లొచ్చినట్టు.
కొనేవాడు వీడియోలో అడిగాడు, ఎందుకలా ఊగుతోందని.
"నాగస్వరం గుర్తొచ్చినట్టుంది సార్!"
ఇద్దరూ నవ్వారు. బేరం కుదిరింది.
పాముకి చెవులుండవని
నాకు చెప్పింది ఈయనే.

ఆదివారం సూరి క్యారేజీ తెచ్చాడు.
ఆ పిల్లని ముంజేతి మీదికి ఎక్కించుకుని
దవడ కింద బొటనవేలు ఆనించాడు,
పసిబిడ్డ మెడకి చెయ్యి పెట్టినట్టు.
కాసేపు ఊగడం ఆగింది.
జబ్బా? అని అడిగాడు చేత్తో.
పుట్టుకే అన్నాను.
వాడు తన చెవి చూపించుకున్నాడు.
నాలాగా?

కాదురా.
నిన్నెవరూ రంగు కోసం కనలేదు.
ఇలా పుడతావని ముందే తెలిసి
ధర కట్టి, మళ్లీ అదే పని చెయ్యలేదు.
అమ్మకి తెలీదు. తెలిసినా అడిగిందెవరు?
పైగా అదే జతకి పుట్టిన నాకు
గూడ్సు బండి కూత మైలు దూరం నుంచి వినపడుతుంది.
ఈ లెక్క ఏ గడిలో రాస్తారో నాకు తెలీదు.
ఇంత మాట నా వేళ్లకి రాదు.
కాదు, అని మాత్రం ఊపాను.
సూరి నమ్మినట్టు లేదు.
మూత పెట్టేముందు
ఎలుకని సరిగ్గా దాని నోటి దగ్గర పట్టుకున్నాడు.

సాయంత్రం లోకనాథం ఏడుని రెండు చేతులా ఎత్తి
ముప్పై ఒకటి ఉన్న డబ్బాలో దించాడు.
"తేదీ వెయ్యమ్మా."
వేశాను.
తండ్రి గడి నింపాను. తల్లి గడి నింపాను.
రిమార్కుల గడి ఎప్పుడూ ఖాళీగానే వదిలేస్తాం.
అందులో, పెన్సిలుతో కాదు, పెన్నుతో
కూతురు
అని రాశాను.

నా భుజం మీంచి చూశాడు.
పేజీ చించలేదు.
డబ్బా తెరవనూ లేదు.
గిన్నెల్లో నీళ్లు వణకడం మొదలైంది,
ఇంకా కూత వినపడకముందే.